నూటపద్దెనిమిది కిలోలు

శంషాబాద్ కార్గో గేటు కాడ
రాత్రి రెండున్నరకు సంతకం వెట్టిన.
పేరు చిట్టవేణి గంగనర్సు, ఊరు రాయికల్ దిక్కు.
సరుకు అన్నకాడ, శవం.
బరువు నూటపద్దెనిమిది కిలోలు, పెట్టెతోని కలిపి.

ముందు సీట్ల నా బిడ్డె హంసిని.
వాళ్లమ్మకు దవాఖాన్ల నైట్ డ్యూటీ,
ఇంట్ల ఒక్కదాన్నే ఎట్ల ఇడిసిపెడుదు?
సోమవారం సోషల్ పరీక్ష దానికి.
సెల్లు వెలుగుల పుస్తకం వట్టి
ఈజిప్టు రాజు పాఠం సదువుతాంది.

"నలభై దినాలు ఉప్పుల పండవెట్టిండ్రట బాపూ.
ముక్కుల కొండి వెట్టి మెదడు గుంజిండ్రట.
పేగులేమో కుండలల్ల.
గుండెకాయను మాత్రం ముట్టలేదట."
"ఎందుకట?"
"పైన తక్కెడ ఉంటదట,
ఒక దిక్కు గుండె, ఒక దిక్కు ఈక."

ప్రజ్ఞాపూర్ మూల మీద గేరు మార్చిన.
ఈనెను గూడ తూసిండ్రు బిడ్డా,
కిలోకు ఇన్ని దిర్హాములని.
అవుతలి దిక్కు ఈక పెట్టినోడైతే లేడు.

ఇరువైనాలుగు దినాలు ఫ్రీజర్ల ఉన్నడు గంగనర్సు.
కంపెనీ సంతకం, పోలీసు సంతకం, ఎంబసీ సంతకం,
ఆఖరుకు సూదితోని మందెక్కించినోని సంతకం,
చెడిపోదు, పంపొచ్చు అని.
ఉప్పు లేదు గని
అదే ఎండ, అదే ఇసుక.

సిద్దిపేటల చాయ్ తాగినం.
బంగారి ముఖం గురించి చెప్పింది,
రాజు పక్కన పెట్టిన రొట్టెల గురించి, చెప్పుల గురించి.
నాకు ఎర్కే, పెట్టె వెనుక ఒక్కోసారి సూట్‌కేసు వస్తది:
రెండు టైగర్ బామ్ డబ్బలు,
అత్తరు సీసా,
పోరని కాలుకు సాలని బూట్లు.
పోయేటప్పుడు కొలత తీస్కపోతరు,
ఆడ పోరల కాళ్లు పెరగయి.

మానేరు వంతెన మీద మంచు.
"ఇది ఇను బాపూ!
సమాధిల చిన్న చిన్న బొమ్మలు పెట్టేటోళ్లట,
మూడువందల అరవై అయిదు, దినానికొకటి.
పైలోకంల రాజును పొలం పనికి పిలిస్తే
ఆ దినం బొమ్మ లేచి 'నేనున్న' అనాల్నట.
వాటి మీద కొరడా వట్టిన బొమ్మలు ఇంకో ముప్పై ఆరు."

గంగాధర దాటేదాక నా నోరు లేవలే.
రెండేండ్లు క్యాంపుల ఉన్నోన్ని నేను.
తెల్లారగట్ల నాలుగింటికి ఫోర్‌మన్ పేర్లు పిలిచేది.
చెయ్యి లేపి హాజిర్ అని బస్సెక్కేది.
మట్టి తోడుడు, పైపులు మోసుడు, కాలువ తవ్వుడు,
ఎవని కాలువనో మాకు చెప్పలే.
ఒకనాడు నా పక్క బెర్తోని పేరు పిలిస్తే
జవాబు రాలే.
ఫోర్‌మన్ ఇంకోపారి పిలిచి
కాయితం మీద గీత గీసిండు.

హంసిని వెనుకకు మర్రి పెట్టెను చూసింది.
"మరి ఈ మామ రాజా, బొమ్మా?"
గది పరీక్షల రాదు, పండుకో అన్న.
పండుకోలే.

పొద్దుపొడుపుకు ఊరు చేరినం.
నలుగురు దించిండ్రు, మేకులు పీకిండ్రు.
గంగజల ముఖం చూసింది,
ఏడ్వలే, చుట్టిన బట్ట దిక్కు చెయ్యి చాపి
"ఎడమ చెయ్యి ఇప్పుండ్రి" అన్నది.
చిటికెన వేలు సగమే ఉన్నది,
పెండ్లయిన ఏడు చెరుకు గానుగల పోయిందట.
గప్పుడు కూలవడ్డది.
మా పిల్ల బండి దిగి వచ్చి
ఎవ్వలు చెప్పకముందే ఆమె చెంబు తెచ్చి ఇచ్చింది.

వానకాలంల అదే తొవ్వల పోయిన, వేరే పెట్టెతోని.
గంగజల ఇంటి కాడ కోళ్లగూడుకు కొత్త తలుపు.
ఆ పలుకలే. మీద అరబ్బీ అక్షరాలు,
ఊర్ల ఎవ్వలకు సదువరానియి.
పక్కన ఈ దిక్కు పైకి అనే బాణం గుర్తు,
తలకిందులుగ కొట్టిండ్రు.
ఒక పెట్ట దాని కిందనే
మట్టి గీకుతాంది.